కంచు రంగు మేని కోసం: ఎండ, సన్‌బెడ్, లోషన్, స్ప్రే, మాత్రలు – వీటిలో ఏది తగినది?

మన ఊళ్లలో బ్యూటీ పార్లర్‌కు వెళ్తే ట్యాన్ తీసే ప్యాక్‌ల ధరల పట్టిక కనిపిస్తుందే తప్ప, ట్యాన్ తెచ్చుకోవడానికి డబ్బు కట్టేవారు దాదాపు ఉండరు. అందువల్ల ఈ ఎంపిక ముందుకు వచ్చేది ముఖ్యంగా ఇద్దరికి. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాలలో పెరుగుతూ, తోటివారంతా వేసవికి ముందు ఒంటికి కంచు రంగు తెచ్చుకుంటుంటే తామూ ప్రయత్నించాలనుకునే తెలుగు పిల్లలు ఒకరు. పోటీ వేదిక మీద కండల గీతలు స్పష్టంగా కనబడటానికి ముదురు రంగు పూసుకోవలసిన బాడీబిల్డర్లు మరొకరు. వీరిలో మొదటి వర్గం తల్లిదండ్రులకు సన్‌బెడ్ (దీపాల కిరణాలతో ఒంటికి రంగు తెచ్చే యంత్రం) అంటే ఏమిటో కూడా తెలియకపోవచ్చు, కాబట్టి పిల్లలు అడిగినప్పుడు ఏమి చెప్పాలో తోచక తికమక పడతారు. ఈ వ్యాసం వారిని కూడా దృష్టిలో పెట్టుకొని రాసింది.

## ముందుగా ఏ కొలమానాలతో చూడాలి

ధర, సౌలభ్యం, రంగు ఎన్నాళ్లు నిలుస్తుంది అనేవి అందరూ అడిగే ప్రశ్నలే. వాటి కంటే ముందు అడగవలసింది ఒకటి ఉంది: ఆ రంగు ఎక్కడి నుంచి వస్తోంది? చర్మం తనంతట తాను రంగు తయారు చేసుకోవలసి వస్తోందా, లేక పైనుంచి పూసిన పదార్థం రంగునిస్తోందా? ఈ ఒక్క ప్రశ్నతో సగానికి పైగా ఎంపిక తేలిపోతుంది.

రెండోది, జరగగల నష్టం తిరిగి సరిదిద్దుకోగలిగినదా కాదా అన్నది. మోచేతి మీద మరక వారంలో పోతుంది, చర్మ కణాల డీఎన్‌ఏలో మిగిలిపోయిన లోపం పోదు. మూడోది, చామనచాయ లేదా నలుపు చర్మానికి ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందన్నది. మార్కెట్లోని సలహాలలో చాలావరకు తెల్లవారి చర్మాన్ని ఉద్దేశించి రాసినవే కాబట్టి, వాటిని మన చర్మానికి నేరుగా అన్వయించుకోవడం కుదరదు. 1975లో అమెరికా చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ ప్రతిపాదించగా తర్వాత విస్తరించిన 6 రకాల చర్మ వర్గీకరణలో, తెలుగువారిలో ఎక్కువ మంది 4, 5 రకాలలోకి వస్తారు. ఈ రకాలు ఎండకు త్వరగా కమిలిపోవు, కానీ నల్ల మచ్చలు పడటం వీటిలోనే ఎక్కువ.

చర్మం తనంతట తాను రంగు మారడం ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే ఆరోగ్యకరమైన ట్యాన్ అనే మాట నిలుస్తుందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. అతినీలలోహిత (యూవీ) కిరణాలు చర్మ కణంలోని డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. ఆ దెబ్బను పసిగట్టిన పీ53 అనే ప్రొటీన్ కణం నుంచి ఒక హార్మోన్ సంకేతం వెలువడేలా చేస్తుంది, దాన్ని అందుకున్న మెలనోసైట్లు అనే కణాలు చర్మానికి రంగునిచ్చే మెలనిన్ రేణువులను తయారుచేసి చుట్టుపక్కల కణాలకు పంచుతాయి, ఆ రేణువులు కణకేంద్రకాన్ని కప్పుతూ పేరుకుంటాయి. అంటే అద్దంలో రంగు కనబడే సరికే దెబ్బ తగిలింది. వచ్చిన ఆ రంగు ఇచ్చే రక్షణ కూడా ఎస్‌పీఎఫ్ (సన్‌స్క్రీన్ ఇచ్చే రక్షణను కొలిచే అంకె) 3, 4కు మించదు. సెలవులకు సముద్ర తీరానికి వెళ్లే ముందే కొంచెం ట్యాన్ తెచ్చుకుంటే అక్కడ కమిలిపోకుండా ఉంటామనే వాదన ఈ లెక్కతో నిలవదు.

## ఎండలో పడుకొని రంగు తెచ్చుకోవడం

ఖర్చు లేనిది, సహజమైనది అన్న పేరు దీనికి ఉంది. సౌర వికిరణాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లోనే చేర్చింది. తక్కువ తరంగదైర్ఘ్యం గల యూవీ-బీ చర్మాన్ని కమిలిస్తుంది, డీఎన్‌ఏను నేరుగా దెబ్బతీస్తుంది. ఎక్కువ తరంగదైర్ఘ్యం గల యూవీ-ఏ లోపలి పొర దాకా దిగి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను దెబ్బతీసి, ముడతలను ముందుగానే తెస్తుంది. ఇది కిటికీ అద్దం గుండా కూడా వస్తుంది. అద్దం వెనక కూర్చుంటే చర్మం కమిలిపోదు కాబట్టి దీని ప్రభావం చాలామందికి తెలియనే తెలియదు.

మన చర్మంలోని మెలనిన్ కొంత రక్షణ ఇస్తుందన్నది నిజమే, భారతీయుల్లో చర్మ క్యాన్సర్లు తెల్లవారితో పోలిస్తే చాలా తక్కువన్నదీ నిజమే. దాన్ని దాచి భయపెట్టడం సరికాదు. అయితే ఆ ధీమాకు రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, ఎండ మన చర్మం మీద ఒకే రకమైన కంచు రంగును తేదు. నుదురు, బుగ్గలు, మెడ వెనక భాగం, ముంజేతులు ఒక్కో మోతాదులో నల్లబడతాయి, మంగు మచ్చలు వచ్చే తత్వం ఉన్నవారికి ఆ మచ్చలు ముదురుతాయి, మొటిమ మానిన చోట మిగిలిన మరక నెలల తరబడి వదలదు. కంచు రంగు కోసం వెళ్లి మచ్చల ముఖంతో తిరిగి రావడం చామనచాయ వారికి జరిగే మామూలు నష్టం. రెండోది, ముదురు చర్మం గలవారికి వచ్చే మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద కనబడుతుంది. దానికి ఎండ ప్రధాన కారణం కాకపోయినా, మనకు చర్మ క్యాన్సర్ రాదన్న నమ్మకం వల్ల దాన్ని ఆలస్యంగా గుర్తిస్తారు. గాయకుడు బాబ్ మార్లీ 1981లో మరణించింది కాలి బొటనవేలి గోరు కింద మొదలైన అలాంటి మెలనోమాతోనే.

ఎండలోని ఈ కిరణాల తీవ్రతను చెప్పే అతినీలలోహిత సూచిక 3 గానీ అంతకు మించి గానీ ఉంటే రక్షణ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన రాష్ట్రాల్లో వేసవి మధ్యాహ్నం అది 11 దాటడం మామూలే. సిడ్నీ, పెర్త్ వంటి నగరాల్లో డిసెంబరు, జనవరి నెలల ఎండ గాలి చల్లగా ఉన్నప్పుడు కూడా అదే స్థాయిలో ఉంటుంది కాబట్టి, కొత్తగా వెళ్లిన విద్యార్థులు వేడిని చూసి ఎండను అంచనా వేయకూడదు.

## సన్‌బెడ్

మూత గల మంచం లాంటి యంత్రంలో పడుకుంటే పైనా కిందా ఉన్న దీపాలు కొద్ది నిమిషాల్లోనే ఒంటికి రంగు తెస్తాయి. ఎండలో గంటలు గడపకుండా, చలికాలంలో కూడా, మోతాదును అదుపులో పెట్టుకొని రంగు తెచ్చుకోవచ్చన్నది దీనిని అమ్మేవారి వాదన. ఈ అదుపు అన్న మాటను నిలదీయాలి. ఐరోపా ప్రమాణం ప్రకారం సన్‌బెడ్ కిరణాలకు చర్మాన్ని కమిలించే తీవ్రత చదరపు మీటరుకు 0.3 వాట్లు మించకూడదు, అది అతినీలలోహిత సూచిక 12కు, అంటే ఉష్ణమండలపు మిట్టమధ్యాహ్నపు ఎండకు సమానం. హద్దే అంత ఎత్తున ఉంది. ఇంగ్లండ్‌లో జరిపిన కొలతల్లో చాలా యంత్రాలు ఆ హద్దును కూడా దాటినట్టు తేలింది.

2009లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ యంత్రాలను పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న మొదటి వర్గంలోనే చేర్చింది. మొదటి వర్గమంటే క్యాన్సర్ తెస్తుందన్న ఆధారం అంత గట్టిదని అర్థమే గాని, ప్రమాదం మోతాదు పొగాకుతో సమానమని కాదు. 35 ఏళ్ల లోపు సన్‌బెడ్ మొదలుపెట్టినవారికి మెలనోమా ముప్పు 75 శాతం ఎక్కువని ఆ సంస్థ 2006లో వెలువరించిన విశ్లేషణ చెప్పగా, తర్వాత వచ్చిన విస్తృత విశ్లేషణ దాన్ని 59 శాతంగా లెక్కగట్టింది. ఇవి ప్రధానంగా ఐరోపా సంతతి వారి మీద చేసిన అధ్యయనాలు. మనకు ఆ అంకె అలాగే వర్తిస్తుందని చెప్పలేము గాని, అతినీలలోహిత కిరణం డీఎన్‌ఏను దెబ్బతీసే తీరు ఏ చర్మంలోనైనా ఒకటే.

ప్రభుత్వాలు తీసుకున్న చర్యలు చూస్తే విషయం తీవ్రత తెలుస్తుంది. బ్రెజిల్ 2009లో సౌందర్యం కోసం సన్‌బెడ్ల వాడకాన్ని పూర్తిగా నిషేధించింది. ఆస్ట్రేలియాలో 2015 మొదలయ్యే నాటికి చాలా రాష్ట్రాలు వాణిజ్య కేంద్రాలను మూయించాయి, ఆ తర్వాత పశ్చిమ ఆస్ట్రేలియా కూడా అదే దారి పట్టింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2010 నాటి చట్టం 18 ఏళ్ల లోపు వారిని లోపలికి రానివ్వకూడదని చెబుతుంది. అమెరికాలో కాలిఫోర్నియా 2012 నుంచి 18 ఏళ్ల లోపు వారికి దీన్ని నిషేధించింది, 2014లో అక్కడి ఆహార ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఈ యంత్రాల మీద 18 లోపు వారు వాడరాదన్న హెచ్చరికను తప్పనిసరి చేసింది. 2010 నుంచి ఈ సేవ మీద 10 శాతం సమాఖ్య పన్ను కూడా ఉంది.

విటమిన్ డి పేరుతో వచ్చే వాదన మనవాళ్లను సులువుగా పడగొడుతుంది, ఎందుకంటే విదేశాల్లో ఉన్న తెలుగువారిలో రక్త పరీక్ష చేయించుకున్న ప్రతి రెండో ఇంట్లో ఆ లోపం మాట వినబడుతుంది. విటమిన్ డి తయారీకి కావలసింది యూవీ-బీ, సన్‌బెడ్ దీపాలు వెదజల్లేది ఎక్కువగా యూవీ-ఏ. యూవీ-ఏ చాలావరకు చర్మంలో ఉన్న మెలనిన్‌నే నల్లబరుస్తుంది కాబట్టి, ఆ రంగు వల్ల వచ్చే రక్షణ కూడా నామమాత్రం. ఇండోర్ ట్యానింగ్ సురక్షితమని, ఆరోగ్యానికి మేలని చేసిన ప్రకటనలు తప్పుదోవ పట్టిస్తున్నాయని అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ 2010లో ఆ పరిశ్రమ సంఘం మీద చర్య తీసుకుంది. లోపం ఉంటే డాక్టరు రాసిన మాత్ర చవక, కచ్చితం.

ఈ పద్ధతి విషయంలో నా మాట స్పష్టం: ఏ రకమైన పాఠకుడికీ, ఏ సందర్భంలోనూ ఇది సరైన ఎంపిక కాదు.

## పూసుకునే లోషన్

దీనిలో పనిచేసే పదార్థం డైహైడ్రాక్సీఅసిటోన్, సంక్షిప్తంగా డీహెచ్‌ఏ. ఇది ఒక చిన్న చక్కెర. చర్మం పైన ఉండే మృతకణాల పొరలోని అమైనో ఆమ్లాలతో కలిసి గోధుమ వర్ణాన్ని ఏర్పరుస్తుంది, పెనం మీద దోసె ఎర్రబడటంలో జరిగేదీ ఇదే జాతి రసాయన చర్య. 1950లలో సిన్సినాటిలో ఎవా విట్‌గెన్‌స్టైన్ అనే పరిశోధకురాలు, గ్లైకోజన్ నిల్వ వ్యాధి ఉన్న పిల్లలకు దీన్ని తాగిస్తున్నప్పుడు, చర్మం మీద ఒలికిన చోట గోధుమ మరక పడుతోందని, బట్టల మీద మాత్రం పడటం లేదని గమనించారు. ఆ గమనికే తర్వాత ఈ పరిశ్రమకు ఆధారమైంది.

మెలనిన్‌తో దీనికి సంబంధం లేదు, డీఎన్‌ఏకు దెబ్బ తగలవలసిన పని లేదు. రంగు 2 నుంచి 4 గంటల్లో తేలడం మొదలై, ఒక రోజు వరకు ముదురుతుంది, పై పొర రాలిపోతుంటే 5 నుంచి 7 రోజుల్లో పలచబడుతుంది. ఐరోపా సమాఖ్యలో డీహెచ్‌ఏ పాళ్లు 10 శాతానికి మించకూడదన్న నియమం ఉంది.

దీని కష్టమంతా పూయడంలోనే ఉంది. మృతకణాల పొర మందంగా ఉన్న మోచేతులు, మోకాళ్లు, చీలమండలు, వేళ్ల కణుపులు రంగును ఎక్కువగా పీల్చుకొని నల్లగా తేలతాయి. అరచేతులు కడుక్కోవడం మరిచిపోతే నారింజ రంగులో మిగిలి, చూసినవారికి అసలు సంగతి తెలిసిపోతుంది. ముందురోజు నలుగుపిండితో గానీ పీచుతో గానీ ఒళ్లు రుద్దుకొని, ఒంటి మీద నూనె జిడ్డు ఏమాత్రం లేకుండా చూసుకోవాలి. నూనె రాసుకొని తలంటి పోసుకున్న మర్నాడే ఇది పూస్తే అక్కడక్కడ పట్టి అక్కడక్కడ జారిపోతుంది, మన ఇళ్లలో ఇది గుర్తుంచుకోదగిన విషయం. వ్యాక్సింగ్ ఒక రోజు ముందే ముగించాలి. కణుపులకు, మోకాళ్లకు ముందుగా కొద్దిగా మాయిశ్చరైజర్ రాస్తే అవి అతిగా పీల్చుకోవు. చెవి వెనక చుక్క రాసి ఒక రోజు ఆగి చూడటం తప్పనిసరి, ఎందుకంటే దురద, దద్దురు వస్తే వాటికి కారణం చాలాసార్లు డీహెచ్‌ఏ కాక దానిలో కలిపిన సువాసనలో, నిల్వ పదార్థాలో అయి ఉంటాయి.

చామనచాయ వారికి ఒక చిక్కు ఉంది. తెల్లవారి కోసం చేసిన లేత లోషన్ మన మీద కనబడదు, ముదురుది తీసుకుంటే ఎరుపు, నారింజ ఛాయ కొడుతుంది. రోజూ కొద్దికొద్దిగా రంగు తెచ్చే రకాన్ని ఎంచుకుంటే ఎక్కడ ఆపాలో మన చేతిలో ఉంటుంది. పూసిన తర్వాత ఒక రోజు పాటు చర్మం నుంచి వచ్చే ఒక రకమైన మాడు వాసన కొందరికి అసలు నచ్చదు, అలాగే పూసిన రాత్రి తెల్ల దుప్పటి పరుచుకోకపోవడం మంచిది.

రెండు హెచ్చరికలు. ఈ రంగు ఎండ నుంచి చెప్పుకోదగ్గ రక్షణ ఇవ్వదు, సన్‌స్క్రీన్ విడిగా రాసుకోవలసిందే. ప్రయోగశాల పరీక్షల్లో డీహెచ్‌ఏ పూసిన చర్మం మీద కిరణాలు పడ్డప్పుడు కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ మామూలు కంటే ఎక్కువగా పుట్టినట్టు కనబడింది కాబట్టి, పూసిన మొదటి 24 గంటలు ఎండకు దూరంగా ఉండటం వివేకం.

## స్ప్రే ట్యాన్

పదార్థం అదే, పద్ధతి వేరు. సెలూన్‌లో మనిషి చేతి యంత్రంతో చిమ్ముతారు, లేదా గదిలాంటి బూత్‌లో నిలబడితే అన్ని వైపుల నుంచి తుంపర పడుతుంది. రంగు సమంగా రావడంలో దీనికి సాటి లేదు. లోపమల్లా ఆ తుంపర ఎక్కడికి వెళ్తుందన్నదే. ఎఫ్‌డీఏ డీహెచ్‌ఏను చర్మం పై పూతకు మాత్రమే అనుమతించింది, పీల్చడానికి, కళ్లకు, పెదవులకు, శ్లేష్మ పొరలకు తగలడానికి అనుమతి లేదు. అందువల్ల కళ్లజోడు, ముక్కుకు అడ్డు, పెదవులకు బామ్ అడిగి తీసుకోవాలి, అవి ఇవ్వని సెలూన్ నుంచి తిరిగి వచ్చేయాలి. ఆస్తమా ఉన్నవారు, గర్భిణులు దీని జోలికి వెళ్లకుండా లోషన్‌తో సరిపెట్టుకోవడం మేలు.

## బ్రాంజర్, వేదిక రంగు

బ్రాంజర్ మేకప్ పొడి లేదా క్రీమ్, సాయంత్రం కడిగితే పోతుంది. ఒక్క ఫంక్షన్‌కు, ఫోటోలకు ఇంతకు మించినది అక్కరలేదు. మన చర్మానికి ముఖం కంటే రెండు ఛాయలు ముదురుగా, మెరుపు తక్కువగా ఉన్నది నప్పుతుంది.

బాడీబిల్డింగ్ పోటీల రంగు వేరే లెక్క. వేదిక మీద పడే బలమైన దీపాల కింద సహజంగా నల్లని ఒళ్లు కూడా వెలిసిపోయినట్టు కనబడి కండల మధ్య గీతలు మాయమవుతాయి. అందుకే ముందురోజు నుంచి పొరలు పొరలుగా పూస్తారు. వీటిలో కొన్ని డీహెచ్‌ఏ కలిసినవి, కొన్ని కేవలం కడిగితే పోయే రంగులు. మొదటిసారి పోటీ చేసే కుర్రాళ్లు పోటీకి వారం రోజుల ముందే ఒక భుజం మీద పూసి, దీపం కింద ఫోటో తీసి చూసుకోవాలి. చెమటకు కారిపోయేదీ, ఆకుపచ్చగా తేలేదీ అప్పుడే తెలుస్తుంది.

## మాత్రలు, ఇంజెక్షన్లు, ముక్కులో కొట్టుకునే స్ప్రేలు

ఇక్కడ తూకం వేయడానికి ఏమీ లేదు. ట్యానింగ్ మాత్రల్లో ఉండే క్యాంథాజాంథిన్ ఆహారంలో కొద్ది మోతాదులో వాడే రంగు పదార్థం. ఒళ్లు రంగు మారేంత మోతాదులో మింగితే కంటి రెటీనాలో స్ఫటికాలు పేరుకుంటాయి. ట్యానింగ్ కోసం ఎఫ్‌డీఏ దీన్ని ఎన్నడూ ఆమోదించలేదు.

మెలనోటాన్-2 అనేది మెలనిన్‌ను పుట్టించే శరీర హార్మోన్‌కు కృత్రిమ అనుకరణ. పొడి సీసాలుగా, ముక్కు స్ప్రేలుగా ఆన్‌లైన్‌లోనూ, విదేశీ జిమ్‌ల పరిచయాల ద్వారానూ చేతులు మారుతుంటుంది. దీన్ని ఏ దేశపు ఔషధ సంస్థా ట్యానింగ్ మందుగా ఆమోదించలేదు, బ్రిటన్, ఆస్ట్రేలియా, అమెరికా సంస్థలు హెచ్చరికలు జారీ చేశాయి. వికారం, ముఖం ఎర్రబడటం, పుట్టుమచ్చలు నల్లబడి కొత్తవి రావడం, పురుషులలో గంటల తరబడి తగ్గని బాధాకరమైన అంగస్తంభన నమోదయ్యాయి. సీసాలో నిజంగా ఏముందో చెప్పగలవారు ఎవరూ ఉండరు. దీనికి దగ్గరి బంధువైన అఫామెలనోటైడ్‌కు ఆమోదం ఉంది కదా అని కొందరు వాదిస్తారు. అది వెలుతురు పడితేనే తీవ్రంగా బాధించే ఒక అరుదైన పోర్ఫైరియా వ్యాధి ఉన్నవారికి, వైద్యుల పర్యవేక్షణలో చర్మం కింద అమర్చే మందు, అందం కోసం ఇచ్చేది కాదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | రంగు ఎక్కడిది | ప్రధాన ముప్పు | ఎన్నాళ్లు | మన చర్మానికి |
|---|---|---|---|---|
| ఎండ | దెబ్బతిన్న చర్మం తయారుచేసిన మెలనిన్ | క్యాన్సర్, ముడతలు, మంగు మచ్చలు | వారాలు | అతుకులు అతుకులుగా నల్లబడుతుంది |
| సన్‌బెడ్ | అదే, ఎక్కువ తీవ్రతతో | మెలనోమా, కళ్లకు హాని | వారాలు | వద్దు |
| లోషన్ | పై పొరలో డీహెచ్‌ఏ | మరకలు, అరుదుగా దద్దురు | 5–7 రోజులు | కొద్దికొద్దిగా పెంచే రకం నప్పుతుంది |
| స్ప్రే | అదే | తుంపర పీల్చడం | 5–7 రోజులు | సమంగా వస్తుంది, ఖర్చు ఎక్కువ |
| బ్రాంజర్ | మేకప్ | దాదాపు లేదు | ఒక పూట | ఛాయ సరిగ్గా కుదరాలి |
| మాత్రలు, ఇంజెక్షన్లు | ఒంటి లోపలి రసాయనం | కళ్లు, పుట్టుమచ్చలు, తెలియని కల్తీ | మారుతుంటుంది | వద్దు |

## ఎవరికి ఏది

హైస్కూల్ వేడుకకు సిద్ధమవుతున్న అమ్మాయికి, అబ్బాయికి బ్రాంజర్ చాలు. అంతకంటే ఎక్కువ కావాలంటే రెండు వారాల ముందు ఒకసారి ఇంట్లోనే లోషన్ పూసి చూసి, నచ్చితే వేడుకకు రెండు రోజుల ముందు మళ్లీ పూసుకోవచ్చు. తల్లిదండ్రులు ట్యాన్ అనగానే కోప్పడి మాట తెంపేస్తే పిల్లలు స్నేహితులతో కలిసి సెలూన్‌కు వెళ్లే అవకాశం పెరుగుతుంది. దాని కంటే లోషన్ సీసా కొనిచ్చి, వీపు మీద అందని చోట పూసిపెట్టడం తెలివైన పని.

పోటీకి వెళ్లేవారికి వేదిక రంగు ఒక్కటే దారి. సీనియర్ ఎవరో సూది పెట్టుకున్నారని మీరు పెట్టుకోవలసిన పని లేదు, న్యాయనిర్ణేతలకు కనబడేది పైపూత రంగే.

మంగు మచ్చలు ఉన్నవారు, మొటిమలకు రెటినాయిడ్ క్రీములు గానీ డాక్సీసైక్లిన్ మాత్రలు గానీ వాడుతున్నవారు ఎండలో రంగు తెచ్చుకునే ఆలోచనే పెట్టుకోకూడదు, ఆ మందులతో చర్మం ఎండకు మరింత సున్నితంగా మారుతుంది. రెటినాయిడ్ వాడేవారికి పై పొర పలచబడి రాలుతుంటుంది కాబట్టి లోషన్ కూడా మచ్చలు మచ్చలుగా పడుతుంది. వీరికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ రెండు పనులూ చేస్తుంది: మంగును ముదిర్చే కంటికి కనబడే వెలుతురును కూడా అది కొంత అడ్డుకుంటుంది, ముఖానికి వెచ్చని గోధుమ ఛాయ కూడా ఇస్తుంది. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గనిది తీసుకొని, ఆరుబయట ఉంటే 2 గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి.

చివరగా, లోషన్ అయినా స్ప్రే అయినా పూసుకునే ముందు అరికాళ్లు, గోళ్లతో సహా ఒళ్లంతా ఒకసారి చూసుకోవడం మంచిది, ఎందుకంటే పైపూత రంగు పుట్టుమచ్చల అంచులను, రంగు తేడాలను కప్పేస్తుంది. పెరుగుతున్న మచ్చ, అంచు చెదిరిన మచ్చ, రక్తం కారేది, గోరు కింద కొత్తగా వచ్చిన నల్ల చార కనిపిస్తే రంగు పోయేదాకా ఆగకుండా చర్మవైద్యుడి దగ్గరకు వెళ్లి, ఒంటికి ఏమి పూసుకున్నదీ ముందే చెప్పాలి.